ఒక్క ‘లేదు’లో ఎన్ని లేదులో!

తెలుగులో కాదనడానికి మనకి ఎన్ని మాటలున్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? డబ్బు లేదు. ఇది నాది కాదు. నాకు వద్దు. వాడికి ఈత రాదు. నాకు తెలియదు. ఉత్తరం ఇంకా రాలేదు. అమెరికాలో పుట్టిన మన పిల్లలు ఇంగ్లీషులో వీటిలో సగం వాటికి ‘నో’ అనే ఒక్క మాటతో సరిపెట్టుకుంటారు కాబట్టి, “నాకు ఆకలి లేదు” అనాల్సిన చోట “నాకు ఆకలి కాదు” అంటారు. మనం నవ్వుకుంటాం, ఆ తరవాత దిద్దుతాం. లేకపోవడం వేరు, కాకపోవడం వేరు, తెలియకపోవడం వేరు అని మన భాషకి బాగా తెలుసు.

కంప్యూటరు ప్రోగ్రాములు మాత్రం చాలాకాలం మన పిల్లల్లాగే ఒకే ఒక్క మాటతో కాలక్షేపం చేశాయి. ఆ మాట పేరు ‘నల్’. విలువ లేదన్నా నల్లే, తెలియదన్నా నల్లే, ఇంకా రాలేదన్నా నల్లే. ఇదేదో ప్రోగ్రామర్ల ఇంటి గొడవ, మనకెందుకని పేజీ తిప్పేయకండి. ఇవాళ ఇండియాలో ఉన్న అమ్మ షుగరు రీడింగు మీ ఫోనులో చూసుకుంటున్నారంటే, ఆ గొడవ మీ ఇంటి గొడవే.

నల్ పుట్టుపూర్వోత్తరాలు

1965లో టోనీ హోర్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఆల్గాల్ డబ్ల్యూ అనే ప్రోగ్రామింగు భాషని రూపొందిస్తూ అందులో ఈ నల్‌ని పెట్టాడు. అమలు చెయ్యడం చాలా తేలికగా ఉంది కాబట్టి పెట్టేశానని ఆయనే తరవాత చెప్పుకున్నాడు. 2009లో లండన్‌లో జరిగిన ఒక సభలో దాన్ని తన “బిలియన్ డాలర్ల పొరపాటు” అన్నాడు. సి, జావా లాంటి భాషలన్నీ ఆ బాటే పట్టాయి. ఫోనులో ఆప్ నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి మూతపడిపోతుంది చూశారా, అలాంటి చాలా సందర్భాల వెనక ఉండేది ఈ నల్లే. విలువ ఉందనుకుని ప్రోగ్రాము చెయ్యి చాపింది, అక్కడ ఏమీ లేదు.

సున్నా మనదే కదా, నల్ అంటే సున్నాయే కదా అని మీకనిపించవచ్చు. కాదు. 628లో బ్రహ్మగుప్తుడు సున్నాతో కూడికలూ తీసివేతలూ ఎలా చెయ్యాలో సూత్రాలు రాశాడు. అంటే సున్నా ఒక అంకె, దానితో లెక్క కుదురుతుంది. బ్యాంకులో సున్నా డాలర్లు ఉన్నాయంటే మన దగ్గర సమాచారం ఉన్నట్టు. బ్యాంకు సర్వరు పలకలేదంటే సమాచారమే లేనట్టు. ఈ రెండిటికీ తెర మీద ఒకే ‘0’ చూపించే ఆప్ అబద్ధం చెబుతున్నట్టే లెక్క.

డేటాబేసుల పితామహుడు ఎడ్గార్ కాడ్ ఈ తేడా ఎప్పుడో గమనించాడు. 1990లో అచ్చయిన తన పుస్తకంలో లేకపోవడాన్ని రెండు రకాలుగా గుర్తించమన్నాడు. విలువ ఉండి తీరాలి గాని మనకి తెలియదు, ఇది ఒకటి. ఆ విలువ అనే ప్రశ్నే ఇక్కడ వర్తించదు, ఇది రెండోది. డేటాబేసులు తయారుచేసే కంపెనీలు ఆయన మాట పట్టించుకోలేదు, ఒక్క నల్‌తోనే సరిపెట్టాయి.

దాని ఫలితం మనవాళ్ళలో కొందరికి స్వానుభవం. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉండి, ఇచ్చిన పేరు గడి ఖాళీగా ఉంటే, అమెరికా వీసా ఫారంలో ఆ గడిలో ‘ఎఫ్.ఎన్.యు.’ అని రాయమంటారు. అంటే ‘మొదటి పేరు తెలియదు’ అని. అక్కడినుంచి అది డ్రైవింగు లైసెన్సుకీ, బ్యాంకు కార్డుకీ పాకి, మనిషిని అందరూ ‘ఫ్నూ’ అని పిలవడం మొదలుపెడతారు. పాపం ఆయన పేరు తెలియకపోవడమేమీ లేదు, రెండో పేరు ఆయనకి వర్తించదు, అంతే. కాడ్ చెప్పిన రెండో రకాన్ని మొదటి గడిలో పడేశారు.

ఇంకో సంగతి. కాలిఫోర్నియాలో ఒక కంప్యూటరు భద్రతా పరిశోధకుడు సరదాకి తన కారుకి ‘నల్’ అనే నంబరు ప్లేటు తీసుకున్నాడు. నంబరు నమోదుకాని ఎక్కడెక్కడి జరిమానాలన్నీ ఆయన పేరుమీదికి వచ్చి పడ్డాయి. 12,000 డాలర్ల పైచిలుకు బిల్లు వచ్చిందని 2019లో డెఫ్‌కాన్ సభలో చెప్పాడు. ‘ఏమీ లేదు’ అన్న గుర్తుని యంత్రం ఒక కారు నంబరుగా చదువుకుంది.

రియాక్టివ్ అంటే ఏమిటి?

ఇప్పుడు ఫోనుల దగ్గరికి వద్దాం. ఎక్సెల్ షీటు వాడని తెలుగువాడు అమెరికాలో ఉండడు. ఒక గడిలో అంకె మారిస్తే దానిమీద ఆధారపడిన గడులన్నీ వాటంతట అవే మారిపోతాయి కదా. రియాక్టివ్ ప్రోగ్రామింగు సారాంశం అదే. పాత పద్ధతిలో ప్రోగ్రాము మాటిమాటికీ వెళ్ళి “కొత్త విలువ వచ్చిందా?” అని అడిగేది. కొత్త పద్ధతిలో పేపరుకి చందా కట్టినట్టు ఒకసారి చందా కట్టి కూర్చుంటుంది. పేపరు వచ్చినప్పుడల్లా గుమ్మంలో పడుతుంది.

మైక్రోసాఫ్ట్‌లో ఎరిక్ మేయర్ బృందం 2009లో ఈ పద్ధతిని ‘ఆర్‌ఎక్స్’ పేరుతో విడుదల చేసింది. 2013లో నెట్‌ఫ్లిక్స్ వాళ్ళు జావాకి తెచ్చారు, అక్కడినుంచి ఆండ్రాయిడ్ ఫోనుల్లోకి దిగింది. 2019లో ఆపిల్ ‘కంబైన్’ అనే సొంత లైబ్రరీని తెచ్చింది. ఆండ్రాయిడ్ ప్రోగ్రాములు రాసే కోట్లిన్ భాషలో దీనికి ‘ఫ్లో’ అని పేరు.

పేర్లేవైనా ఒప్పందం ఒకటే. ఈ చందాలో వచ్చే కబుర్లు మూడే రకాలు. ఇదిగో కొత్త విలువ. ఇంతటితో అయిపోయింది. ఏదో పొరపాటు జరిగింది, ఇక రాను. చివరి రెండిటిలో ఏది వచ్చినా ఆ తరవాత ఇంకేమీ రాదు. మరి ఈ మూడిటిలో ‘లేదు’ అనే కబురు ఎక్కడుంది? లేదు! చిక్కంతా అక్కడే.

నాలుగు ప్రమాదాలు

ఉదాహరణ ఒకటే తీసుకుందాం. తణుకులో ఉన్న అమ్మగారు రోజూ పరగడుపున ఒకసారి, భోజనమైన రెండు గంటలకి ఒకసారి షుగరు చూసుకుంటారు. మీటరునుంచి బ్లూటూత్‌లో ఆవిడ ఫోనుకి, అక్కడినుంచి సర్వరుకి, సర్వరునుంచి డాలస్‌లో ఉన్న కొడుకు ఫోనుకి ఆ అంకె చేరుతుంది. ఈ నాలుగు మజిలీల్లో ఎక్కడైనా అంకె తప్పిపోవచ్చు.

మొదటి ప్రమాదం, ఒక్క ఖాళీ మొత్తం కాలువని ఎండగట్టడం. ఆర్‌ఎక్స్ జావా తొలి వెర్షన్లో నల్‌ని కూడా ఒక విలువగా పంపనిచ్చేవారు. 2016లో వచ్చిన రెండో వెర్షన్లో నల్‌ని పూర్తిగా నిషేధించారు. మధ్యలో ఏ మెట్టు దగ్గరైనా నల్ పుడితే అది పొరపాటు కబురుగా మారుతుంది. పొరపాటు కబురు వచ్చాక ఇంకేమీ రాదని చెప్పుకున్నాం కదా. అంటే, బుధవారం రీడింగు లేకపోతే, ఆ పొరపాటుని పట్టించుకునే ఏర్పాటు లేనిచోట గురువారం, శుక్రవారం రీడింగులు కూడా తెరమీదికి రావు. నిషేధం మంచిదే, దాచిపెట్టిన తప్పుని బయట పెడుతుంది. కాని లేకపోవడాన్ని ముందే ఒక పెట్టెలో పెట్టి పంపాలన్న సంగతి ప్రోగ్రామరుకి తెలిసుండాలి. ‘ఆప్షనల్’ అంటారే, అదే ఆ పెట్టె. పెట్టె ఎప్పుడూ వస్తుంది, లోపల వస్తువు ఉందో లేదో తెరిచి చూసుకోవాలి.

రెండోది, ఖాళీలని ఏరిపారేసి చేతులు దులుపుకోవడం. కోట్లిన్‌లో ‘ఫిల్టర్ నాట్ నల్’, ఆపిల్ వైపు ‘కంపాక్ట్ మ్యాప్’ అనే సదుపాయాలున్నాయి. ఒక్క మాట రాస్తే నల్లులన్నీ పోతాయి (మంచంలో నల్లులు కూడా ఇంత తేలికగా పోతే బాగుండేది). ఇప్పుడు ఇదే ప్రోగ్రాములో పరగడుపు రీడింగుల్నీ భోజనం తరవాతి రీడింగుల్నీ ‘జిప్’ అనే పద్ధతిలో జతలు కట్టారనుకోండి. జిప్ తేదీలు చూడదు. మొదటిదాన్ని మొదటిదానితో, రెండోదాన్ని రెండోదానితో జత కడుతుంది. బుధవారం అమ్మగారు పరగడుపున చూసుకోలేదు. ఆ ఖాళీని పారేశాం కాబట్టి, గురువారం పరగడుపు అంకె బుధవారం భోజనం అంకెతో జతపడుతుంది. అక్కడినుంచి అన్ని జతలూ ఒక రోజు పక్కకి జరుగుతాయి. ఆప్ మూతపడదు, ఎర్రదీపం వెలగదు, గ్రాఫు చక్కగా వస్తుంది. డాక్టరుగారు ఆ గ్రాఫు చూసి మందు మారుస్తారు.

మూడోది, ఒకరికోసం అందరూ ఆగిపోవడం. షుగరు, బీపీ, వేసుకున్న మాత్రలు, ఈ మూడిటినీ ఒకే తెరమీద చూపించాలంటే ‘కంబైన్ లేటెస్ట్’ వాడతారు. మూడు చోట్లనుంచీ కనీసం ఒక్కొక్క విలువ వచ్చేదాకా అది నోరు విప్పదు. అమ్మగారి దగ్గర బీపీ మిషనే లేదనుకోండి. తెరమీద గుండ్రంగా చక్రం తిరుగుతూనే ఉంటుంది. షుగరు అంకె వచ్చి లోపలే కూర్చుంది, కాని బయటికి రాదు. ప్రతిదానికీ ఒక ఆరంభ విలువ ఇస్తే ఈ చిక్కు తీరుతుంది. కోట్లిన్ ‘స్టేట్ ఫ్లో’ అయితే ఆరంభ విలువ ఇచ్చి తీరమంటుంది కూడా. అయితే తొందరలో ఉన్న ప్రోగ్రామరు అక్కడ సున్నా రాసేస్తాడు. డాలస్‌లో కొడుకు ఆప్ తెరవగానే ‘షుగరు 0’ అని కనిపిస్తుంది. ఆ ఒక్క క్షణంలో ఆయన బీపీ ఎంతకి పెరుగుతుందో ఏ మిషనూ కొలవనక్కర్లేదు.

సున్నా చేసే అసలు హాని సగటులో ఉంది. నాలుగు రోజుల్లో రీడింగులు 140, 150, ఖాళీ, 160. ఖాళీని వదిలేసి మూడిటి సగటు కడితే 150. ఖాళీని సున్నాగా తీసుకుని నలుగురిలో పంచితే 112.5. మొదటి అంకె చూసినవాడు డాక్టరుకి ఫోను చేస్తాడు. రెండో అంకె చూసినవాడు “అమ్మ బాగా పథ్యం చేస్తోంది” అని సంతోషిస్తాడు.

నాలుగోది అన్నిటికన్నా మోసకారి. అది మౌనం. కబురు వస్తే స్పందించడం రియాక్టివ్ పద్ధతి. కబురు రాకపోతే? స్పందించడానికి ఏమీ లేదు, తెర ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. మొన్నటి 132 ఇవాళ కూడా 132గానే మెరుస్తూ ఉంటుంది. మౌనం అర్ధాంగీకారం అని మన పెద్దలు పెళ్ళిచూపుల్లో అనుకునేవారేమో గాని, ఫోను ఆపుల్లో ఆ సూత్రం పనికిరాదు.

దీనికి లోకమెరిగిన ఉదాహరణ ఉంది. డెక్స్‌కామ్ అనే కంపెనీ ఒంటికి అంటించుకునే షుగరు సెన్సరు చేస్తుంది. ప్రతి ఐదు నిమిషాలకీ ఒక రీడింగు వస్తుంది. ‘ఫాలో’ అనే ఆప్ ద్వారా ఇంట్లోవాళ్ళు దూరంనుంచి చూసుకోవచ్చు, షుగరు పడిపోతే అలారం మోగుతుంది. 2019 నవంబరు 30న, థాంక్స్‌గివింగ్ వారాంతంలో, ఆ పంచుకునే సేవ సర్వర్ల వైపు దెబ్బతిని ఆగిపోయింది. సెన్సరు పెట్టుకున్నవారి దగ్గర అంకెలు కనిపిస్తూనే ఉన్నాయి, దూరాన ఉన్నవారికి మాత్రం చేరలేదు. టైప్ 1 డయాబెటిస్ ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఎంతోమంది ఆ అలారాన్ని నమ్ముకుని నిద్రపోతారు. అలారం మోగలేదంటే అంతా బాగుందని అర్థం చేసుకునేవారికి, అలారం మోగలేని స్థితి కూడా అలాగే వినిపిస్తుంది. సంగతి వెంటనే తెలియజెయ్యలేదని చాలామంది కోప్పడ్డారు. ఆ కోపంలో న్యాయం ఉంది.

మరి చెయ్యాల్సిందేమిటి?

తమాషా ఏమిటంటే, యంత్రాలకి ఈ జ్ఞానం ఇప్పటికే ఉంది. బ్లూటూత్ షుగరు మీటర్ల ప్రమాణం ప్రకారం అంకె లేకుండా కూడా రీడింగు పంపవచ్చు, దానితోబాటు కారణం చెప్పడానికి విడివిడి గుర్తులున్నాయి. బ్యాటరీ తక్కువగా ఉంది. రక్తపు బొట్టు చాలలేదు. స్ట్రిప్పు సరిగా పెట్టలేదు. ఫలితం నేను కొలవగలిగినదానికన్నా తక్కువ. ఫలితం నేను కొలవగలిగినదానికన్నా ఎక్కువ. మీటరు ఇంత వివరంగా చెబుతుంటే, దాన్ని అందుకునే ప్రోగ్రాము అన్నిటినీ ఒకే నల్‌గా కుదించేస్తే ఏమవుతుందో చూడండి. షుగరు మరీ పడిపోయినప్పుడు చాలా మీటర్లు అంకె బదులు ‘లో’ అని చూపిస్తాయి. అంకె కాదు కాబట్టి నల్, నల్ కాబట్టి పారేశాం. అంటే అన్నిటికన్నా అపాయకరమైన రీడింగే జల్లెడలోంచి జారిపోయింది!

కాబట్టి మొదటి సూత్రం, లేకపోవడానికి పేర్లు పెట్టడం. కోట్లిన్‌లో ‘సీల్డ్ క్లాస్’, స్విఫ్ట్‌లో ‘ఈనమ్’ ఇందుకు చక్కగా పనికొస్తాయి. మన అమ్మగారి ఆప్‌కి ఆరు స్థితులు చాలు. తెస్తున్నాను, ఆగండి. వచ్చింది, ఇదీ అంకె, ఇదీ సమయం. ఇవాళ చూసుకోలేదు. చూసుకున్నారు గాని పరిధి దాటింది. మీటరులో లోపం. కబురు అందడం లేదు, చివరిసారి తెలిసింది ఇది. ఇలా రాసుకుంటే ఇంకో లాభం ఉంది. ఆరిటిలో ఏ ఒక్కదానికి తెరమీద ఏం చూపించాలో మరచిపోయినా కంపైలరు అక్కడికక్కడే ఆపేస్తుంది. వాడేవాడి ఫోనులో బయటపడాల్సిన తప్పు రాసేవాడి బల్లమీదే పట్టుబడుతుంది.

రెండో సూత్రం, ప్రతి విలువకీ దాని సమయం కట్టి పంపడం. జత కలిపేటప్పుడు వరస చూడకూడదు, తేదీ చూడాలి. మూడోది, ఏ ఒక్క రీడింగు చెడినా దాన్ని ఒక స్థితిగా మార్చి పంపాలి గాని స్ట్రీమునే తెంచే పొరపాటుగా వదలకూడదు. నాలుగోది, మౌనానికి గడువు పెట్టడం. ఐదు నిమిషాలకోసారి రావాల్సిన చోట ఇరవై నిమిషాలు ఏమీ రాకపోతే, ఆ రాకపోవడాన్నే ఒక కబురుగా పుట్టించాలి. ‘టైమవుట్’ అనే సదుపాయం ఆర్‌ఎక్స్, ఫ్లో, కంబైన్ మూడిటిలోనూ ఉంది. ఆ గడియారం చూసేవాడి ఫోనులోనే నడవాలి. సర్వరు పడిపోయిందన్న కబురు సర్వరే పంపలేదు కదా!

ఇదంతా చెయ్యడానికి ఖర్చవుతుంది. ప్రతి తెరకీ ఒకటికి బదులు ఆరు బొమ్మలు గియ్యాలి, ఆరు విధాలుగా పరీక్షించాలి. మా కన్సల్టింగు వ్యాపారంలో మీటింగుల్లో మొదట కోతపడేది ఇలాంటి పనే. డెమోలో నెట్ ఎప్పుడూ బాగుంటుంది, రీడింగు ఎప్పుడూ వస్తుంది. అంకె చక్కగా వచ్చే స్థితి ఒక్కటే డబ్బిచ్చేవాళ్ళకి కనిపిస్తుంది, మిగిలిన ఐదూ కనిపించవు. మీలో ఆపులు రాసేవారూ రాయించేవారూ చాలామంది ఉన్నారు. ఈసారి డెమో చూసేటప్పుడు ఫోనుని ఒక్కసారి విమానం మోడులో పెట్టమని అడగండి. తెరమీద ఏం కనిపిస్తుందో, ఆ ప్రోగ్రాము నిజాయితీ అంతే.

రాసేవాళ్ళు కానివాళ్ళకి

అమ్మానాన్నల ఆరోగ్యం కోసం ఏదైనా ఆప్ పెట్టుకుంటున్నవారు మూడు చూసుకోండి. ఒకటి, అంకె పక్కన అది ఏ రోజు ఏ సమయానిదో రాసి ఉందా? ఆ సమయం ఇండియాదా, మీ ఊరిదా? డాలస్‌కీ మనకీ పదకొండున్నర గంటలు తేడా, ఎండాకాలం గడియారంలో పదిన్నర. రాత్రిది పగటిదిగా కనిపించే వీలుంది. రెండు, రీడింగు లేని రోజున గ్రాఫులో గీత తెగుతుందా, లేక అటూ ఇటూ ఉన్న చుక్కల్ని కలిపేసి ఏమీ జరగనట్టు సాగిపోతుందా? తెగిన గీత చూడ్డానికి అందంగా ఉండదు, కాని నిజం అదే. మూడు, అమ్మ ఫోనులో కాసేపు బ్లూటూత్ ఆపించి చూడండి. మీ తెర ఆ సంగతి మీకు చెప్పాలి. చెప్పకపోతే ఆ ఆప్ అలారాన్ని నమ్ముకుని నిద్రపోకండి.

ఇంతా చేసి, ఏ ప్రోగ్రామూ కనిపెట్టలేని ‘లేదు’ ఒకటి మిగులుతుంది. స్ట్రిప్పులు అయిపోయాయని కొడుక్కి చెబితే డబ్బు ఖర్చని ఊరుకున్న అమ్మ, పెళ్ళికి వెళ్ళి రెండు పూతరేకులు ఎక్కువ తిని ఆ పూట మీటరు ముట్టుకోని అమ్మ, వేలు పొడుచుకుని పొడుచుకుని విసిగిపోయిన అమ్మ. వీటిలో ఏది జరిగినా తెరమీద మాత్రం “ఇవాళ చూసుకోలేదు” అనే వస్తుంది. ఎందుకు చూసుకోలేదో ఆవిడే చెప్పాలి. రెండు రోజులు వరసగా ఆ మాట కనిపిస్తే ఆప్ మూసేసి ఫోను చెయ్యండి. షుగరు సంగతి చివర్లో అడగండి.